మా బావ కూర్చుని తిన్న దోశ

మా బావ కుర్చీలో కూర్చోగా చూసినవాళ్లు చాలా తక్కువ. ఆయన హోటలుకి రోజూ వచ్చేవాళ్లని అడగండి, ముఖం కంటే వీపే బాగా గుర్తుందంటారు. గ్లాసు పెట్టి, నీళ్లు పోసి, మీరు "దోశ" అనేలోపు సగం దూరం వెళ్లిపోయే మనిషి. పెళ్లి ఫొటోలో సైతం మా చెల్లెలు నిమ్మళంగా కూర్చుని ఉంటే, ఈయన మాత్రం ఎవరో పిలిచినట్టు సగం లేచే ఉంటాడు.

బావ అంటే నా చెల్లెలి భర్త. వయసులో నాకంటే చిన్నవాడు. అయినా చెల్లెల్ని ఇచ్చిన నాటినుంచి నేను ఆయన్ని బావా అంటాను, ఆయన నన్ను బావా అంటాడు. మా మధ్య ఇంకో పిలుపు లేదు.

ఆయన గురించి రాయడానికి నాకేం అర్హత ఉందని ఎవరైనా అడగవచ్చు. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆ బడికి గోడలు మూడే ఉండేవి, నాలుగో వైపు మేకలు వచ్చి పాఠం వినేవి. ఆ చదువుతోనే లారీ స్టీరింగు పట్టాను, డ్రైవర్ల సంఘంలో చేరాను, కార్యదర్శినయ్యాను. సరుకు దింపే చోట రేకుల షెడ్డు వేయించింది నేను. డ్రైవర్లకి స్నానాల గదులు కట్టించింది నేను. మా వీధికి దీపాలు రావడానికి ఎన్ని ఆఫీసుల మెట్లెక్కానో నా మోకాళ్లకి తెలుసు. పదవి దిగిన రోజు సంఘంవాళ్లు నాకు గోడగడియారం బహూకరించారు, ఇవాళ్టికీ అది నిమిషం తప్పదు. గొప్పకోసం చెప్పడం లేదు. ఎంతోమంది పనిచేసే మనుషుల్ని దగ్గరగా చూసినవాణ్ని కాబట్టి మా బావలాంటి పనివాడు ఎంత అరుదో చెప్పగలను అంటున్నాను, అంతే.

ఆయనది చిన్న శాకాహార హోటలు. టిఫిన్లు, మధ్యాహ్నం భోజనం, కాఫీ. ముందు హాలు, హాలు మధ్యలో ఒక లావుపాటి స్తంభం, వెనక వంటిల్లు, పక్కగా చేతులు కడుక్కునే చోటు. అందులోనే ఆయన ముందు సర్వర్‌గా చేరాడు. తర్వాత పెనం దగ్గర నిలబడ్డాడు. పాత యజమాని మంచాన పడ్డాక హోటలు ఈయన చేతికొచ్చింది. యజమాని అయ్యాక కూడా బావ కౌంటర్ దగ్గర కూర్చోలేదు. అక్కడున్న కుర్చీ మీద ఉల్లిపాయల బుట్ట కూర్చునేది.

ఆయన భోజనం సంగతి చెబితే నమ్మరు. అందరూ తిని వెళ్లాక వంటింట్లో గట్టుకి ఆనుకుని, నిలబడే తినేవాడు. అదీ పెనం మీద చిరిగిపోయిన దోశలు, అడుగు మాడిన ఇడ్లీలు, గిన్నె చివర మిగిలిన చట్నీ. అంతమందికి దోశలు పోసిన మనిషి ఒక నిండు దోశని ప్లేటులో పెట్టుకుని తిన్న రోజు లేదు. మా చెల్లెలు ఎప్పుడైనా అడిగితే "చిరిగినా రుచి ఒకటేనే" అనేవాడు.

ఆయనకి ఒకే ఒక నియమం. మనిషి వచ్చి కూర్చోగానే బల్ల మీద బోర్లించి ఉన్న గ్లాసు తిప్పాలి, నీళ్లు పోయాలి. ఆర్డరు తర్వాత. నవ్వు తర్వాత. "నీళ్లు పోస్తే నిన్ను చూశాను అని చెప్పినట్టు బావా. ఆ తర్వాత అరగంట ఆలస్యమైనా మనిషి ఓర్చుకుంటాడు" అని నాతో ఎన్నిసార్లన్నాడో. మనిషి ముందు బోర్లించిన గ్లాసు కనబడితే చాలు, మా బావకి ఒళ్లంతా జెర్రులు పాకినట్టయ్యేది.

ఈ పరుగే ఆయన్ని పడేసింది. కిందటి వేసవిలో సాంబారు గిన్నె రెండు చేతులా పట్టుకుని వంటింట్లోంచి వస్తూ జారి పడ్డాడు. మోకాలి కింద కాలంతా కాలింది. మంచం మీద పడుకోబెడితే అక్కడా కుదురు లేదు. "కాలు కాలిన పిల్లిలా తిరిగేవాడివి, ఇప్పుడు నిజంగానే కాలింది. ఇకనైనా పడుకో" అని మా చెల్లెలు ఒక కంట్లో నీళ్లు, ఒక కంట్లో నవ్వు పెట్టుకుని అనేది.

అప్పుడు వచ్చింది మా మేనకోడలు. ఇంట్లో అందరం చిట్టీ అంటాం గానీ, పెద్ద బట్టల షోరూములో ఒక అంతస్తు మొత్తం ఆమె చేతికింద నడుస్తుంది. సెలవు పెట్టి వచ్చి తండ్రి హోటలు తాళాలు తీసుకుంది. ఉల్లిపాయల బుట్ట దించి ఆ కుర్చీలో తను కూర్చుంది. గోడలకి రంగు వేయించింది. ఏవేం దొరుకుతాయో బోర్డు మీద రాయించింది. కొన్నాళ్లకే "మావయ్యా, నాకు ఇక్కడే బాగుంది. షోరూము మానేద్దామనుకుంటున్నాను" అంది. ఆ మాట విని బావ ముఖం దీపం పెట్టినట్టయింది. ఆయన కోరికా అదే. ఆ కాలితో ఇక హోటలు నడపొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. చిట్టి నిలబడకపోతే పెనం ఆర్పేసి తలుపులు మూయడమే.

కానీ కాలు కాస్త మానగానే బావ హోటల్లో దిగాడు. దిగితే జగ్గు పట్టుకున్నాడు. ఇక చూడండి రభస. చిట్టి ఒక బల్లకి పంపిన సర్వర్‌ని ఈయన ఇంకో బల్లకి తోలేవాడు. ఆమె వద్దన్న గిన్నె ఈయన పొయ్యి మీద పెట్టించేవాడు. కస్టమర్లు ఆమెతో మాట్లాడుతూనే ఈయన వైపు చూసేవాళ్లు. పదిహేను రోజులు ఓర్చుకుని పిల్ల మా ఇంటికి వచ్చేసింది.

"ఒక లారీకి రెండు స్టీరింగులుంటాయా మావయ్యా? నువ్వే చెప్పు."

"ఉండవమ్మా."

"ఆ మాట నాన్నకి చెప్పు. షోరూములో నా పని ఇంకా నాకోసం అట్టే పెట్టారు. రేపటికల్లా జవాబు చెప్పాలి."

ఇలాంటి తగాదాలు తీర్చడం నాకు కొత్త కాదు. ఓనర్లకీ డ్రైవర్లకీ మధ్య పోట్లాటలు నా సమక్షంలో టీ తాగి ముగిసినవి ఎన్నో ఉన్నాయి. ఆ సాయంత్రమే మా చెల్లెలి ఇంట్లో ముగ్గుర్నీ కూర్చోబెట్టాను. అంటే ఇద్దరు కూర్చున్నారు, బావ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

చిట్టి ఒకే ఒక షరతు పెట్టింది. "రేపు మధ్యాహ్నం హోటలు నిండా జనం ఉండే వేళకి నాన్న రావాలి. కస్టమర్‌లా కూర్చోవాలి. తినాలి. చెయ్యి కడుక్కుని వెళ్లాలి. మధ్యలో పనిమీద లేవకూడదు. అంతమాత్రం కూర్చోగలిగితే నేను ఇక్కడే ఉంటాను. లేస్తే మాత్రం నేనూ లేచి నా షోరూముకి పోతాను."

"ఓస్, అంతేనా" అన్నాడు బావ.

"అన్నయ్యా, నువ్వు పక్కనే కూర్చో. తాడు కూడా తీసుకెళ్లు" అంది మా చెల్లెలు.

మర్నాడు వెళ్లాం. హోటలు కిక్కిరిసి ఉంది. గుమ్మం దాటగానే బావ కాళ్లు వాటంతటవే వంటింటి వైపు నడిచాయి. భుజం పట్టుకుని మళ్లించాను. ఖాళీగా ఉన్న బల్ల దగ్గర నిలబడి ఆయన కుర్చీని అటూ ఇటూ కదిపి చూశాడు.

"ఈ కుర్చీ కిర్రుమంటుంది బావా. ఎన్నాళ్లుగా ఇలా అంటోందో. ఎవరూ చెప్పలేదు."

"కూర్చుంటే తెలుస్తుంది. కూర్చో."

"గోడవైపు తిరిగి కూర్చుంటాను. చూడకపోతే గొడవే లేదు."

గోడవైపే కూర్చున్నాడు. నేను కళ్లజోడు తుడుచుకుని పెట్టుకునేసరికి కుర్చీ పక్కకి తిరిగింది. ఇంకాస్సేపటికి హాలంతా కనబడేలా తిరిగింది. కూర్చునే తిప్పాడు కాబట్టి నేనేమీ అనలేదు.

కౌంటర్ దగ్గర చిట్టి పార్సిళ్లు కడుతూ మమ్మల్ని ఒకసారి చూసింది. తర్వాత ముక్కూ ముఖం తెలియని కస్టమర్లని చూసినట్టు తల తిప్పేసుకుంది.

సర్వర్ వచ్చాడు. అతని నడక వల్ల అందరూ తుపాను అని పిలుస్తారు. బావ దగ్గర పని నేర్చుకున్నవాడే. గ్లాసులు తిప్పి, నీళ్లు పోసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏం అడగాలో తోచక నావైపు చూశాడు.

"పెద్దాయనా... మీకు... ఏం కావాలండీ?"

 ఆ ప్రశ్న బావ జీవితమంతా అడిగాడే గానీ ఎవరూ ఆయన్ని అడగలేదు. "ఏముంది?" అన్నాడు చివరికి.

"మీకు తెలీకుండా ఏముంటుందండీ."

"సరే, దోశ. పెనం మీద చిరిగింది ఏదైనా ఉంటే అది పట్టుకురా."

"కస్టమర్లకి చిరిగినవి ఇవ్వమండీ. మేడమ్ తిడతారు."

తుపాను రివ్వున వెళ్లిపోయాడు. బల్ల కింద బావ మోకాలు ఊగడం మొదలుపెట్టింది. ఎంతలా అంటే బల్ల మీద మా గ్లాసుల్లో నీళ్లు వణుకుతున్నాయి. నా గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చున్నాను. సరుకు లారీ ఘాట్ రోడ్డు దిగేటప్పుడు కూడా నేనలా పట్టుకుని కూర్చోలేదు.

ఆయన అరచెయ్యి ఊరుకోలేదు. మా బల్ల తుడిచింది. చెయ్యి చాపితే అందేంత దూరంలో పక్క బల్ల ఉంది. అక్కడ తిని వెళ్లినవాళ్ల గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టింది. ప్లేట్లు ఒకదానిమీద ఒకటి చేర్చింది.

"బావా!"

"కూర్చునే చేశాను కదా."

"ఒళ్లు కూర్చుంటే చాలదు. చేతులు కూడా కూర్చోవాలి. ఇదీ నా తీర్పు."

"నీ తీర్పులు లారీలవాళ్లకి చెప్పుకో" అని గొణిగి, చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. బడిలో దెబ్బలు తిన్న పిల్లాడిలా ఉన్నాడు.

అంతలో ఎదురు బల్ల నుంచి వీధి చివరి టైలరు పిలిచాడు. మెడలో టేపు వేసుకునే తిండికి వస్తాడు. "ఏంటి మాస్టారూ, మీరు కూర్చున్నారు! హోటలు అమ్మేశారా ఏంటి?"

హాల్లో సగంమంది నవ్వారు. బావ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇవాళ నేనూ మీలాగే" అన్నాడు.

"అలా అయితే మా గతి ఏంటి? మీ చేత్తో ఒక కాఫీ పట్రండి మాస్టారూ. అమ్మాయి చక్కెర తగ్గించేస్తోంది, కషాయం తాగినట్టుంది."

బావ చేతులు తొడల కిందనుంచి బయటికొచ్చాయి. నేను నా మోచెయ్యి ఆయన మోచేతికి ఆనించాను. కౌంటర్ దగ్గరనుంచి చిట్టి, పార్సిల్ దారం పళ్లతో తెంపుతూనే అంది.

"చక్కెర తగ్గించమన్నది మీ ఆవిడండీ. మొన్న రక్తపరీక్ష చేయించారట కదా. కావాలంటే ఆవిడకి ఫోన్ చేసి అడగనా?"

"వద్దమ్మా, వద్దు. కషాయమే బాగుంది" అని టైలరు కప్పులో ముఖం పెట్టుకున్నాడు. ఈసారి హాలంతా నవ్వింది. బావ కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వులో కొంచెం ఆశ్చర్యం కలిసింది. టైలరు ఎన్నేళ్లుగానో వస్తున్నాడు. ఆయన రక్తపరీక్ష సంగతి బావకి తెలియదు.

దోశ వచ్చింది. అంచు సన్నగా కరకరలాడుతూ, మధ్యలో ఎర్రగా, ప్లేటు దాటి రెండువైపులా చాచుకుని, ఎక్కడా ఒక చిరుగు లేదు. బావ దాన్ని ముందు పక్కనుంచి చూశాడు, తర్వాత కొంచెం వంగి కిందనుంచి చూశాడు. పెనం మంట సరిగ్గా ఉందని తేల్చుకున్నాక కూడా తినలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు ఆయనకి. చిరిగిన దోశకి ఆ చిక్కు లేదు కదా, ఎక్కడ చిరిగితే అక్కడ మొదలు.

"తిను బావా, చల్లారుతోంది."

"అంత బాగా వచ్చినదాన్ని పాడుచేయాలంటే చెయ్యి రావట్లేదు."

చివరికి ఒక మూల తుంచి చట్నీలో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. రెండో ముక్క తుంచాడు. మోకాలు కొంచెం నెమ్మదించింది. గ్లాసులో నీళ్లు నిలబడ్డాయి. ఇంకేం, గట్టెక్కాం అనుకున్నాను. సంఘంలో ఓట్ల లెక్కింపు రోజు కూడా ఇలాగే, గెలిచాం అనుకున్న క్షణంలోనే గడబిడ మొదలయ్యేది. అది నా అనుభవం.

మూడో ముక్క చేతిలోనే ఆగిపోయింది. బావ చూపు స్తంభం వెనక్కి వెళ్లింది.

స్తంభం చాటున ఒక బల్ల ఉంది. అక్కడ ఒక నడివయసు మనిషి కూర్చున్నాడు. నలిగిన చొక్కా, మాసిన గడ్డం. పక్కన కుర్చీలో ఒక గుడ్డసంచి. మోచేతులు బల్లమీద ఆనించి, తల చేతుల్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అతని ఎదురుగా గ్లాసు బోర్లించే ఉంది.

"బావా, ఆ మనిషిని ఎవరూ చూడలేదు" అన్నాడు మెల్లగా.

"చూస్తారులే. నువ్వు తిను."

తుపాను అటుగా వెళ్లాడు. ఆ బల్లని రాసుకుంటూ వెళ్లి, పక్క బల్ల మీద ఇడ్లీలు పెట్టి, తిరిగి వచ్చాడు. ఆ మనిషి వైపు కన్నెత్తయినా చూడలేదు. ఇంకోసారి వెళ్లాడు. ఇంకోసారి వచ్చాడు. గ్లాసు బోర్లానే ఉంది. చిట్టి కౌంటర్ దగ్గర ఎవరికో చిల్లర ఇస్తోంది. బల్ల కింద మోకాలు మళ్లీ మొదలైంది. ఈసారి నా గ్లాసు పట్టుకున్నా నీళ్లు తొణికాయి.

"తుపానుని పిలవకూడదా?"

"పిలవడం కూడా పనే. ఒప్పుకున్నావు కదా."

"లేచి వెళ్లిపోతాడు బావా. చూడు, సంచి మీద చెయ్యి వేశాడు. వెళ్లిపోతాడు."

ఆయన ఎందుకంత తల్లడిల్లుతున్నాడో నాకు తెలుసు. కుర్రతనంలో ఇల్లు వదిలి పని వెతుక్కుంటూ వచ్చిన మొదటి రోజు, మా బావ బస్సు దిగి ఒక హోటల్లోకి వెళ్లి కూర్చున్నాడు. జేబులో తిండికి సరిపడా ఉంది. కానీ ఎవరూ రాలేదు. గ్లాసు తిప్పలేదు. తన ముందునుంచి ప్లేట్లు వెళ్తున్నాయి, వస్తున్నాయి. పిలవడానికి సిగ్గు. పక్కవాళ్లు వచ్చి, తిని, వెళ్లిపోయారు. ఎంతసేపు కూర్చున్నాడో ఆయనకే తెలియదు. చివరికి తను అక్కడ లేనేమో అనిపించి లేచి వచ్చేశాడట. ఆకలికి కాదు, ఆ లేనట్టుండటానికి ఏడుపొచ్చింది బావా అని నాతో ఒకేఒక్కసారి చెప్పాడు. తర్వాత పని దొరికింది కూడా హోటల్లోనే. ఆ రోజునుంచీ ఈ పరుగు.

"బావా, కూర్చో" అన్నాను.

"కూర్చుంటే చిట్టి ఉంటుంది. తెలుసు."

"తెలిసి కూడా..."

"తెలిసి కూడా కూర్చోలేకపోతున్నాను."

లేచాడు. కుర్చీ కిర్రుమంది. నా చెయ్యి ఆయన భుజం మీద ఉండగానే లేచాడు. తుపాను గట్టుమీద పెట్టిన జగ్గు అందుకున్నాడు. కాలిన కాలు కొంచెం ఈడ్చుకుంటూ స్తంభం దగ్గరికి నడిచాడు. చిట్టి చూసింది. చేతిలో పార్సిల్ అలాగే ఉంది. నేనూ ఆయన వెనకే వెళ్లాను, ఆపడానికో తోడుగానో నాకే తెలియలేదు.

బావ గ్లాసు తిప్పాడు. నీళ్లు పోశాడు. ఆ చప్పుడుకి ఆ మనిషి ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు.

"తప్పైపోయింది బాబూ. మావాళ్లు మిమ్మల్ని చూడలేదు. ఏం తింటారు చెప్పండి, నేను తెస్తాను" అన్నాడు బావ. అలవాటు ప్రకారం గట్టిగా అన్నాడు. హాలంతా విన్నది.

ఆ మనిషి గ్లాసుకేసి చూసి, బావకేసి చూసి, సగం లేచి నిలబడ్డాడు. "అయ్యో, చూడకపోవడమేంటండీ? అమ్మాయిగారు రోజూ ఈ వేళకి ఈ బల్ల నాకోసం ఉంచుతారు. ఇంకెవర్నీ కూర్చోనివ్వరు."

"మరి గ్లాసు..."

"గ్లాసు అలా ఉండాలనే కదండీ."

చిట్టి వచ్చి నిలబడింది. వేలికి పార్సిల్ దారం చుట్టుకుని ఉంది. ఆమె కేకలేస్తుందనుకున్నాను. వేయలేదు. ఆ మనిషితో "మీరు కూర్చోండి" అంది. ఆయన కూర్చున్నాడు. బావ జగ్గు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఈయన వాళ్లమ్మ ఆస్పత్రిలో ఉంది నాన్నా" అంది చిట్టి. "అక్కడ పొద్దున్నుంచి రాత్రిదాకా అందరూ ఈయన్ని ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. నర్సులు అడుగుతారు, చుట్టాలు ఫోన్లు చేసి అడుగుతారు. మొదటిరోజు ఇక్కడికొచ్చి కూర్చుంటే మనవాళ్లు కూడా ఏం కావాలి, ఏం కావాలి అని అడిగారు. తినకుండా లేచిపోబోయారు. అప్పుడు నేనే చెప్పాను. గ్లాసు బోర్లించి ఉన్నంతసేపూ ఎవరూ రారు, ఎవరూ ఏమీ అడగరు. ఆకలేసినప్పుడు మీరే తిప్పండి, అప్పుడు వస్తాం అని. ఈ వేళకి నిన్ను ఏదో వంకతో వంటింట్లోకి పంపేదాన్ని."

"అదండీ" అన్నాడు ఆ మనిషి. "రోజు మొత్తంలో నేను నిమ్మళంగా ఉండేది ఈ కాస్సేపే."

బావ జగ్గుకేసి చూసుకున్నాడు. "నాకు చెప్పలేదేమ్మా?"

"నువ్వు అడగలేదు నాన్నా. వచ్చావు, జగ్గు పట్టుకున్నావు."

  బావ నెమ్మదిగా జగ్గు కింద పెట్టాడు. తను పోసిన గ్లాసు ఎత్తాడు. పోసిన నీళ్లు మళ్లీ జగ్గులో పోయడం హోటల్లో ఎవరూ చేయని పని. అందుకని ఆ నీళ్లు గటగటా తనే తాగేశాడు. అప్పటికి పరుగెత్తుకొచ్చిన తుపాను భుజం మీది తువ్వాలు లాగి, గ్లాసు లోపలా బయటా తుడిచాడు. అంతకుముందు ఎక్కడుందో సరిగ్గా అక్కడే, అలాగే బోర్లించాడు.

"కళ్లు మూసుకోండి బాబూ" అన్నాడు ఆ మనిషితో, ఈసారి చెవిలో చెప్పినట్టు. "నాకు తెలీదు. ఇక ఎవరూ రారు."

తర్వాత కూతురివైపు తిరిగాడు. "ఇంకేమేం పెట్టావో చెప్పమ్మా. నిదానంగానే చెబుదువు గానీ. నేను అడుగుతున్నాను."

చిట్టి దారం వేలినుంచి విప్పుకుంటూ వెళ్లిపోయింది.

మేము మా బల్ల దగ్గరికి వచ్చాం. దోశ మెత్తబడి, అంచులు వాలిపోయి ఉంది. బావ కూర్చున్నాడు. నాకే కూర్చోబుద్ధి కాలేదు. ఎన్నో రాజీలు కుదిర్చిన పేరు నాది. సొంత ఇంటి రాజీ మాత్రం నా కళ్లముందే చెడిపోయింది. కౌంటర్ దగ్గర చిట్టి ఫోన్ చేతిలోకి తీసుకుంది. షోరూముకే అనుకున్నాను. కింద పెట్టింది. మళ్లీ తీసింది. మళ్లీ పెట్టింది. ఆ ఫోన్ వంక చూస్తూ నేను మూడుసార్లు కళ్లజోడు తుడిచాను.

"మావయ్యా" అని అక్కడనుంచే అడిగింది. "నాన్న లేచాడు కదా?"

అబద్ధం ఆడలేను. నా నోటిమాట మీద సమ్మెలు ఆగాయి. "లేచాడమ్మా" అన్నాను.

బావ ఆ మాట విని తల ఊపాడు. తన గ్లాసులో మిగిలిన నీళ్లు తాగాడు. తాగి, ఆ గ్లాసుని కాస్సేపు చేతిలో తిప్పాడు. తర్వాత తన ఎదురుగా బల్లమీద బోర్లించి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, కుర్చీకి వెనక్కి ఆనుకున్నాడు. నేను ఎరిగి ఆయన వీపు కుర్చీకి తగలడం అదే మొదలు. బల్ల కింద చూశాను. మోకాలు కదలడం లేదు.

తుపాను విసురుగా వచ్చాడు. "పెద్దాయనా, అది తీసేసి వేడిది ఇంకోటి..."

"ఆ బల్ల దగ్గరికి వెళ్లకు" అంది చిట్టి కౌంటర్ నుంచి. "గ్లాసు బోర్లించి ఉంది. కనబడట్లేదా?"

తుపాను జీవితంలో మొదటిసారి నడిచి వెళ్లాడు.

అలా ఎంతసేపున్నామో, నా గడియారం ఇంట్లో గోడకి ఉంది. జనం వచ్చారు, తిన్నారు, వెళ్లారు. ప్లేట్లు మా పక్కనుంచి పోతూనే ఉన్నాయి. బావ కళ్లు మూసుకోలేదు గానీ ఎవర్నీ చూడలేదు. స్తంభం వెనక మనిషి తలెత్తి గ్లాసు తిప్పుకున్నాడు. తిప్పిన చప్పుడు మాకు వినబడిందో లేదో, తుపాను నీళ్లతో అక్కడున్నాడు. బావ అది చూశాడు. అప్పుడు తన గ్లాసు కూడా తిప్పాడు.

నీళ్లు పోసింది చిట్టి. ముందు నీళ్లు. తర్వాత వేడి దోశ.

"రేపట్నుంచి ఈ వేళకి ఈ బల్ల నీది నాన్నా. ఎవరికీ ఇవ్వను" అంది.

"ఇవాళ షోరూముకి జవాబు చెప్పాలన్నావు కదా?" అన్నాను నేను, ఊరుకోలేక.

"చెబుతాను. రానని. నేను అక్కడికి పోతే ఈయనకి నీళ్లు ఎవరు పోస్తారు మావయ్యా?" అని, బావ వైపు తిరిగి, "ఆ కుర్చీ కిర్రుమంటోంది, సాయంత్రం వడ్రంగిని రమ్మన్నాను. నువ్వు చెయ్యి పెట్టకు" అంది.

"చెయ్యి పెట్టనులే" అన్నాడు మా బావ.

ఆ దోశ ఆయన మొదలునుంచి చివరిదాకా కూర్చునే తిన్నాడు. మధ్యలో ఒకసారి వంటింట్లో ఏదో గిన్నె ధడేలున కింద పడింది. ఆయన మోకాలు ఒక్కసారి ఎగిరింది. గ్లాసులో నీళ్లు తొణికాయి. ఎడమచేత్తో కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని, కుడిచేత్తో ఇంకో ముక్క తుంచుకున్నాడు.